చాచా రిజిస్టరు, నా బ్యాకప్



మొన్న జుమా నమాజ్ అయ్యాక మస్జిద్ మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే మా మొహల్లా టైలర్ భాయ్ పట్టుకున్నాడు. "క్యా మియా, దినమంతా ఇంట్ల కూసొని ఏం రాస్తవ్? కథలా?" అన్నాడు. కథలు కాదు భాయ్, ఒక బటన్ గురించి రాస్తున్నా అన్నాను. "ఒక్క బటనా? ఎన్ని దినాలైంది?" నెలన్నర అయిందని చెప్పాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నేను గంటల ఏడు బటన్లు కుట్టి ఇస్తున్న గదా" అని ఒకటే నవ్వు.

నాకూ నవ్వొచ్చింది. కాని ఇంటికొచ్చి అన్నం తింటుంటే ఆ సవాల్ మనసులో తిరుగుతూనే ఉంది. నిజమే, ఒక్క బటన్‌కు నెలన్నర ఎందుకు పట్టింది? టైలర్ భాయ్‌కి అక్కడ ఇవ్వలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నా గల్తీ ఒకటి ఉంది. దాన్ని కూడా దాచకుండా చెప్తాను.

ముందు నా పని సంగతి. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో సామాను తయారు చేసేవాళ్లు ఒకరు, ఆ సామాను ఎట్లా వాడాలో రాసేవాళ్లు ఇంకొకరు. నేను రెండో రకం. టెక్నికల్ రైటర్ అంటే అమ్మీకి అర్థం కాలేదు. "కాతిబ్ అనుకో అమ్మీ" అన్నాక ఖుష్ అయింది. ఉర్దూ అఖ్బార్లు చేతిరాతతో అచ్చయిన జమానాలో కాతిబ్‌కు ఉన్న ఇజ్జత్ ఆమె చూసింది. వేరేవాళ్ల మాటను చదివేవాడికి తప్పు లేకుండా అందేటట్టు రాయడమే కాతిబ్ పని. నాదీ అదే.

కరోనాలో ఆఫీసు ఇంటికొచ్చింది, మళ్లీ వెనక్కి పోలేదు. 2023లో సిద్దిపేటకు ఐటీ టవర్ వచ్చింది, అదే ఏడు రైలు కూడా వచ్చింది. నా టేబుల్ మాత్రం ఇంకా మా పాత ఇంటి దాలాన్‌లోనే ఉంది. అక్కడ కూర్చునే ఈ బటన్ గురించి రాశాను.

ఆ బటన్ పేరు "డౌన్‌లోడ్ బ్యాకప్".

డేటాబేస్ అంటే లెక్కల రిజిస్టరే. పేరు, ఊరు, రకం, తారీఖు అని గీతలు కొట్టి ఒక్కో వరుసలో ఒక్కో మనిషిని రాసుకుంటాం కదా, అదే కంప్యూటర్‌లో ఉంటుంది. ఈ రోజుల్లో ఆ రిజిస్టరు మన బీరువాలో ఉండదు. ఎక్కడో ఒక కంపెనీ పెద్ద గోదాములో ఉంటుంది, మనం కిరాయి కడతాం. దాన్నే క్లౌడ్ అంటారు. రోజూ రాత్రి దాని నకలు తీసి పెడతారు, అది బ్యాకప్. మా టూల్ చేసే పనల్లా ఆ నకలును గోదాము నుంచి మన చేతికి తెచ్చివ్వడం.

ఇందులో ఏముంది అనిపిస్తుంది. చానా ఉంది. నకలు రెండు రకాలు. మొదటిది స్నాప్‌షాట్. తాళం వేసిన గది పక్కనే అచ్చం అట్లాంటి గదిని ఇంకోటి నిలబెట్టినట్టు. త్వరగా అవుతుంది, అవసరం పడితే త్వరగా తెరుచుకుంటుంది. కాని ఆ గదిని ఎత్తుకొని ఇంటికి తెచ్చుకోలేం. ఉదాహరణకు అమెజాన్ వాళ్ల ఆర్‌డీఎస్‌లో స్నాప్‌షాట్‌ను నేరుగా మన లాప్‌టాప్‌లోకి దింపుకునే దారి లేదు. దాన్ని ఎస్3 అనే వాళ్ల ఇంకో గోదాములోకి, పార్కే అనే ఫార్మాట్‌లో పంపుకోవచ్చు. కూర్చొని లెక్కలు చూసుకోవడానికి అది పనికొస్తుంది, మళ్లీ నేరుగా డేటాబేస్‌గా నిలబెట్టడానికి కాదు.

రెండోది డంప్. గదిని ఇటుక ఇటుకగా విప్పి, ఏ ఇటుక ఎక్కడ పెట్టాలో చిట్టీ రాసి లారీకి ఎక్కించినట్టు. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ డంప్, మైఎస్‌క్యూఎల్‌లో మైఎస్‌క్యూఎల్ డంప్ అని దీనికి పనిముట్లు ఉన్నాయి. ఇది నిదానం. కాని ఆ లారీ మన వాకిట్లోకి వస్తుంది. ఆ గోదాము మూతపడ్డా, కిరాయి దగ్గర తగాదా వచ్చినా, మన ఇటుకలు మన దగ్గరుంటాయి. మా టూల్ తెచ్చిచ్చేది ఈ రెండో రకాన్నే.

ఇక నా గల్తీ.

2016 రంజాన్. అప్పటికి సిద్దిపేట ఇంకా జిల్లా కాలేదు, ఆ ఏడు అక్టోబర్ 11న దసరా రోజు అయింది. నేను అప్పుడు కొత్తగా కోడింగ్ నేర్చుకున్న జోష్‌లో ఉన్నాను. మా మొహల్లా బైతుల్‌మాల్‌కు ఒక చిన్న వెబ్‌సైట్ చేసి పెట్టాను. జకాత్ ఎవరు ఇచ్చారు, వజీఫా ఎవరికి పోతుంది, బేవాలు ఎందరు, యతీమ్ పిల్లల ఫీజులు ఎంత, అన్నీ అందులోనే. 63 ఇళ్లు. సస్తాలో దొరికిన హోస్టింగ్‌లో పెట్టాను. రోజూ రాత్రి రెండు గంటలకు తనంతట తానే బ్యాకప్ తీసే చిన్న స్క్రిప్ట్ కూడా రాశాను. కమిటీ పెద్దల ముందు దాని గురించి చాతీ విరుచుకొని చెప్పాను.

బైతుల్‌మాల్ ఖజాంచీ మా చాచా. సొంత చాచా కాదు, మొహల్లా అంతటికీ చాచా. ఆయనకు కంప్యూటర్ మీద గుస్సా లేదు, భరోసా కూడా లేదు. నేను వెబ్‌సైట్ చూపించాక అంతా విని, మెచ్చుకొని, మళ్లీ తన ఎర్రట్ట రిజిస్టరు తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు. ఇంకా ఎందుకు చాచా అంటే, "తేరా మెషీన్ తూ దేఖ్ లే బేటా, మేరీ కితాబ్ మై నై ఛోడ్తా" అన్నాడు. నేను మనసులో నవ్వుకున్నాను. అల్లాహ్ మాఫ్ చేయాలి.

19వ రోజా నాడు సర్వర్ పడిపోయింది. డిస్క్ పోయిందని, సైట్ల నకళ్లు ఎవరివి వాళ్లే ఉంచుకోవాలని హోస్టింగ్ వాళ్ల నుంచి మెయిల్ వచ్చింది. ఆ మాట వాళ్ల షరతుల్లో మొదటి నుంచీ ఉంది, నేనే చదవలేదు. అయినా ఘబ్రాయించలేదు. నా స్క్రిప్ట్ తీసిన నకళ్లు వేరే చోట ఉన్నాయి కదా! ఇఫ్తార్ చేసి తీరిగ్గా తెరిచాను. రోజుకు ఒక ఫైలు, పేరులో తారీఖు, నాలుగు నెలలవి వరుసగా ఉన్నాయి. చూస్తేనే దిల్ ఠండా అయింది.

తరవాత సైజు చూశాను. 20 బైట్లు. దాని ముందుది 20 బైట్లు. దానికి ముందుదీ అంతే.

ఈ పని తెలిసినవాళ్లకు ఆ అంకె చూడగానే కడుపులో చెయ్యి పెట్టినట్టవుతుంది. జీజిప్ అనే పనిముట్టుకు ఏమీ ఇవ్వకుండా "దీన్ని మూట కట్టు" అంటే, అది ఖాళీ మూట కట్టి ఇస్తుంది. ఆ ఖాళీ మూట బరువు సరిగ్గా 20 బైట్లు. అసలు సంగతి ఏమంటే, నాలుగు నెలల కింద డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చాను, స్క్రిప్ట్‌లో మార్చడం మరిచాను. రోజూ రాత్రి స్క్రిప్ట్ పోయి తలుపు తట్టింది, లోపలికి రానివ్వలేదు, ఖాళీ సంచీకి మూతి కట్టి, పైన తారీఖు రాసి వరుసలో పెట్టి వచ్చింది. నాలుగు నెలలు. ఒక్క రోజు కూడా నేను ఒక్క ఫైలు దింపి తెరిచి చూడలేదు.

ఆ రాత్రి తరావీహ్‌లో నేను ఎన్ని రకాతులు చదివానో నాకే యాద్ లేదు. తరవాత చాచా ఇంటికి పోయి తలొంచుకొని చెప్పాను. ఆయన ఒక్క మాట అనలేదు. చాయ్ పెట్టమని చాచీకి కేకేసి, ఎర్రట్ట రిజిస్టరు తెచ్చాడు.

తెరిస్తే అందులో పేర్లు లేవు. అన్నీ నంబర్లే. 14వ ఇంటికి ఇంత, 31వ ఇంటికి ఇంత. నేను తెల్లముఖం వేశాను. చాచీ లోపలికి పోయి తన సందూక్ నుంచి అరచేతంత డైరీ తెచ్చింది. ఏ నంబరు ఎవరి ఇల్లో అందులో ఉంది. రిజిస్టరు చాచా దగ్గర, డైరీ చాచీ దగ్గర. రిజిస్టరు ఎవరి చేతిలో పడ్డా ఎవరు జకాత్ తీసుకుంటున్నారో తెలియదు. "గరీబ్‌కు ఇచ్చేటప్పుడు ఆమె పర్దా కూడా కాపాడాలె బేటా. పేరు రాసి బయట పెడితే ఇచ్చినట్టు కాదు, దండోరా వేసినట్టు" అన్నాడు. డేటాను ఒక చోట, తాళంచెవిని ఇంకో చోట పెట్టాలని నేను తరవాత పెద్ద పెద్ద పుస్తకాల్లో చదివాను. మా చాచీ సందూక్‌లో ముందే చూశాను.

నాలుగు రాత్రులు తరావీహ్ అయ్యాక కూర్చున్నాం. చాచీ డైరీ చదివేది, చాచా రకం చెప్పేవాడు, నేను టైప్ చేసేవాణ్ని. సహరీ దాకా పని. 62 ఇళ్లు లెక్క తేలాయి. నా యాద్‌లో 63. ఎన్నిసార్లు లెక్కపెట్టినా 62. నేనే తప్పు యాద్ పెట్టుకున్నానేమో అనుకున్నాం. 27వ షబ్ దాటే లోపల అందరికీ డబ్బులు పోయాయి. చాంద్ రాత్ అయింది, ఈద్ అయింది.

షవ్వాల్ నెలలో ఒక రోజు పాత బస్టాండ్ దగ్గర నిలబడి ఉండగా ఒకామె ఎదురొచ్చి సలాం చేసింది. ముఖం చూడగానే నా కాళ్ల కింద జమీన్ కదిలింది. 63వ ఇల్లు. ఊరి నుంచి ఇద్దరు పిల్లలతో కొత్తగా వచ్చిన బేవా. 17వ రోజా నాడు మస్జిద్ గేటు దగ్గర నన్ను కలిస్తే, అక్కడే ఫోన్‌లో వెబ్‌సైట్ తెరిచి ఆమె పేరు ఎక్కించాను. చాచాకు చెప్పలేదు. సైట్‌లో ఉంది కదా అనుకున్నాను. రెండు రోజులకు సైట్ పోయింది, ఆమె పేరూ పోయింది.

నేను ఏదో సంజాయిషీ మొదలుపెట్టాను. ఆమె ఆపింది. "ఏం కాదు భయ్యా. నా ముంగటనే ఫోన్ల రాసుకున్నరు గదా, అందుకే ఇంక ఎవ్వర్నీ అడగలే" అన్నది.

ఆ మాట ఈ రోజుకూ నన్ను వదల్లేదు. రాయకపోయి ఉంటే ఆమె ఇంకో తలుపు తట్టేది. రాసుకున్నాం కనుక నమ్మింది. రాయడం అంటే మాట ఇవ్వడం. ఆ డబ్బులు చాచా అదే రోజు పంపించాడు. కాని ఈద్ నాడు ఆ పిల్లలకు కొత్త బట్టలు లేవు. ఆ లెక్క నా మీద ఉంది.

ఇట్లాంటి గల్తీ నా ఒక్కడిదే అయితే నా జహాలత్ అని వదిలేసేవాణ్ని. కాని పెద్ద పెద్దవాళ్లకూ అయింది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో రాత్రిపూట అలసిపోయిన ఒక ఇంజనీర్ తప్పు సర్వర్‌లో ఫోల్డర్ తుడిచేశాడు. సుమారు 300 జీబీ డేటా. అప్పుడు చూస్తే బ్యాకప్ కోసం పెట్టుకున్న ఐదు ఏర్పాట్లలో ఒక్కటీ సరిగ్గా పనిచేయడం లేదు. వాళ్ల పీజీ డంప్ 9.2 వెర్షన్, డేటాబేస్ 9.6 వెర్షన్. రోజూ ఫెయిల్ అవుతూనే ఉంది, ఆ సంగతి చెప్పే మెయిళ్లు ఎవరికీ చేరలేదు. వేరే పని కోసం ఎవరో ఆరు గంటల ముందు తీసిన నకలు ఒకటి నసీబ్ బాగుండి దొరికింది. ఆ కంపెనీ ఇదంతా దాచకుండా బయటపెట్టింది. అది చదివిన రోజు వాళ్ల ఖాళీ గోదాములో నా 20 బైట్ల ఫైళ్లు కనిపించాయి.

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే కంపెనీ డేటా సెంటర్ కాలిపోయింది. అసలు ఒక చోటే, నకలూ అక్కడే ఉన్నవాళ్లకు రెండూ పోయాయి. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌కు మంటలంటుకున్నాయి. ఉద్యోగులు తమ ఫైళ్లు దాచుకునే జీ డ్రైవ్, 858 టెరాబైట్లు, బూడిదైంది. మరీ పెద్దది కావడం వల్ల బయట నకలు పెట్టలేదని చెప్పారు. అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లు 3-2-1 అంటారు. మూడు నకళ్లు, రెండు రకాల సామానులో, ఒకటి వేరే ఊరిలో. పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ దీన్ని మషూర్ చేశాడు.

ఇవన్నీ చదువుతుంటే చిన్నప్పుడు మదర్సాలో విన్న వాకియా యాదికొచ్చేది. యమామా జంగ్‌లో చానా మంది హాఫిజ్‌లు షహీద్ అయ్యారు. ఖుర్ఆన్‌ను గుండెల్లో మోసేవాళ్లు ఇట్లా పోతుంటే రేపు ఏం కావాలని హజ్రత్ ఉమర్‌కు ఫికర్ పట్టుకుంది. ఆయన హజ్రత్ అబూబకర్‌కు చెప్పడం, ఆయన ముందు వెనుకాడి తరవాత ఒప్పుకొని, ఆ బాధ్యత హజ్రత్ జైద్ బిన్ సాబిత్‌కు అప్పగించడం మనందరికీ తెలుసు. కొండను కదిలించమన్నా ఇంత భారం అనిపించేది కాదన్నట్టు ఆయన బాధపడ్డాడట. ఆయన స్వయంగా హాఫిజ్. కూర్చొని తన యాద్ నుంచే రాసేయవచ్చు. రాయలేదు. ఖర్జూర మట్టల మీద, రాళ్ల మీద ఉన్న రాతలు సమకూర్చాడు, మనుషుల గుండెల్లో ఉన్నదానితో సరిచూశాడు, గవాహీ అడిగాడు. సూరె తౌబా చివరి రెండు ఆయతుల రాత ఒక్క హజ్రత్ అబూ ఖుజైమా అన్సారీ దగ్గరే దొరికింది. అది దొరికేదాకా వదల్లేదు.

తౌబా, తౌబా, కలామె ఇలాహీకి మన లెక్కల ఫైళ్లతో పోలిక పెట్టడం లేదు. ఖుర్ఆన్ హిఫాజత్ అల్లాహ్ తన మీద పెట్టుకున్నాడు. నేను చూసుకుంటున్నది ఆ కాతిబ్ తరీఖాను. తనకు తెలిసినా మళ్లీ సరిచూసుకోవడం. ఒక్క వరుస కోసం కూడా వెతకడం. మళ్లీ ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ దేని గురించి? అప్పుల రాతకోతల గురించి. సూరె బఖరాలో ఉంది. చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా రాయడానికి బద్ధకించొద్దని, కాతిబ్ రాయనని అనొద్దని, గవాహులను పెట్టుకొమ్మని. ఆ ఆయత్ విన్నప్పుడల్లా 63వ ఇల్లు కళ్ల ముందుకొస్తుంది.

ఈ సామాను అంతా నెత్తిన పెట్టుకొని నేను "డౌన్‌లోడ్ బ్యాకప్" బటన్ దగ్గర కూర్చున్నాను. ఇంజనీర్లు ఇచ్చిన నోట్ నాలుగు లైన్లు. బటన్ నొక్కండి, ఫైలు తయారవుతుంది, లింక్ వస్తుంది, దింపుకోండి. టూల్ మంచిదే, పని చేస్తుంది. కాని ఈ పేజీ ఎవరు చదువుతారు? అంతా బాగున్న రోజు ఎవరూ చదవరు. రాత్రి రెండు గంటలకు, చేతులు వణుకుతూ, పక్కన మేనేజర్ ఫోన్ మోగుతుంటే చదువుతారు. ఆ మనిషి కోసం రాయాలి.

ఒక్కొక్కటి నేనే చేసి చూశాను. ముందు టైము. బ్యాకప్ పక్కన రాత్రి 8:30 అని ఉంది. అది లండన్ వైపు లెక్క, యూటీసీ. మనకు ఐదున్నర గంటలు కలపాలి. అంటే తెల్లవారితే వచ్చే తారీఖు, రాత్రి 2 గంటలు. తారీఖు మగ్రిబ్‌తో మారుతుందని తెలిసిన మనకైతే ఇది తొందరగా అర్థమవుతుంది. మిగతావాళ్లు తప్పు రోజు నకలు దింపుకుంటారు. రాశాను.

తరవాత లింక్. కొంతసేపటికి అది చచ్చిపోతుంది. అంతలోపల మాత్రం ఆ లింక్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఫైలు దింపుకోవచ్చు. వాట్సాప్ గ్రూపులో వేశారా, ఇంటి తాళంచెవి చౌరస్తాలో పెట్టినట్టే. రాశాను. దింపుకున్న ఫైలు పూర్తిగా వచ్చిందా లేదా చూసుకోవడానికి 64 అక్షరాల ముద్ర ఒకటి ఇస్తారు. ఫైలులో ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ ముద్ర మారిపోతుంది. దాన్ని ఎట్లా సరిపోల్చాలో రాశాను. సైజు కూడా చూడమని రాశాను. ఎందుకో మీకు తెలుసు.

పీజీ డంప్ తెచ్చే మూటలో రిజిస్టరు వస్తుంది కాని, ఎవరెవరికి ఆ రిజిస్టరు తెరిచే హక్కు ఉందో ఆ యూజర్ల జాబితా, పాస్‌వర్డ్‌లు రావు. వాటిని వేరుగా తీసుకోవాలి. అది తెలియనివాళ్లు ఇల్లు మొత్తం మళ్లీ కట్టి, లోపలికి ఎవరూ పోలేక నిలబడతారు. రాశాను. ఫైలుకు వేసిన తాళం చెవి పోతే మా కంపెనీ కూడా తెరవలేదు, అందుకే ఆ చెవి ఇద్దరు మనుషుల దగ్గర ఉండాలని రాశాను. అది రాస్తున్నప్పుడు చాచీ సందూక్ మూత చప్పుడు వినిపించింది.

రాయడం అయ్యాక మా బాజీ కూతురును పిలిచాను. డిగ్రీ చదువుతోంది. లాప్‌టాప్ ఇచ్చి, "ఇందులో ఏం రాసి ఉంటే అదే చెయ్యి బేటా, నన్ను ఏమీ అడగొద్దు" అని పక్కన కూర్చున్నాను. మూడు మెట్లు బాగానే దిగింది. నాలుగో మెట్టు దగ్గర కమాండ్ కొట్టింది, ఐదో లైన్ చదివి అరిచింది. "మామూ! ఇది పాత డేటా అంతా తుడిచేస్తదని ఇప్పుడు రాసినవేంది?" నా పానం పోయింది. పాతవాటిని తీసేసి కొత్తవి పెట్టే కమాండ్ అది. ఖాళీ డేటాబేస్‌లోనే చేయాలని జాగ్రత్త చెప్పాను, కాని కమాండ్ తరవాత లైన్‌లో చెప్పాను. మనుషులు చదువుతూ చదువుతూ చేస్తారు, అంతా చదివాక చేయరు. అది పరీక్ష డేటాబేస్ కనుక బతికిపోయాం. ఆ రోజు రాత్రే పేజీ మొత్తం తిరగరాశాను. ముందు ఖతరా, తరవాత కమాండ్. బాజీ కూతురుకు మంచి బిర్యానీ బాకీ పడ్డాను.

ఆఖరికి ఒక్క వాక్యం దగ్గర లడాయి వచ్చింది. పేజీ మొదట్లోనే ఇట్లా రాశాను: ఈ ఫైలులో బ్యాకప్ మొదలైన క్షణం దాకా ఉన్నదే ఉంటుంది, ఆ తరవాత ఎక్కించింది ఒక్క వరుస కూడా ఇందులో ఉండదు, ఆ మధ్యలో ఎక్కించినవి వేరుగా వెతుక్కోండి. ఇది నిజం. డంప్ మొదలైనప్పటి సూరత్‌నే పట్టుకుంటుంది. ప్రొడక్ట్ చూసే సాబ్‌కు అది నచ్చలేదు. మొదట్లోనే ఇట్లా రాస్తే కొనేవాళ్లు భయపడతారు, కిందికి దింపు లేదంటే తీసేయి అన్నాడు. ఆయనది కూడా రోజీ లెక్కే, నేను తప్పుపట్టను. ఇంగ్లిష్‌లో ఎన్నో కారణాలు చెప్పాను. ఏదీ ఎక్కలేదు. మూడో మీటింగ్‌లో ఇక అలసిపోయి 63వ ఇల్లు సంగతి చెప్పాను. పేరు, ఊరు చెప్పలేదు. నా ముంగటనే రాసుకున్నరు గదా అన్న మాట ఒక్కటి చెప్పాను. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తరవాత, "పైనే ఉంచండి, అక్షరాలు మాత్రం ఎర్రగా వద్దు" అన్నాడు. అల్‌హమ్దులిల్లాహ్, నల్లగానే ఉంది, పైనే ఉంది.

చాచా 2021లో కరోనా రెండో దెబ్బలో అల్లాహ్‌కు ప్యారే అయ్యాడు. ఇద్దత్‌లో ఉన్న చాచీ పర్దా వెనుక నుంచి డైరీ పంపించింది. ఎర్రట్ట రిజిస్టరు నా దగ్గరికి వచ్చింది. ఒక్క ఇంటి వజీఫా కూడా ఆగలేదు. ఆయన లేకపోయినా ఆయన రాత తన పని తాను చేసింది. మంచి డాక్యుమెంటేషన్ అంటే ఏమిటని కొత్త పిల్లలు నన్ను అడిగితే ఇంతకంటే మంచి మిసాల్ నా దగ్గర లేదు.

ఇప్పుడు బైతుల్‌మాల్ డేటాబేస్ మళ్లీ క్లౌడ్‌లోనే ఉంది, నేను కంప్యూటర్ దుష్మన్‌ను కాదు. కాని ప్రతి నెలా మొదటి జుమా నాడు, అసర్ తరవాత, నేనూ బాజీ కూతురూ కూర్చుంటాం. బ్యాకప్ దింపుతాం. ముద్ర సరిచూస్తాం. ఖాళీ డేటాబేస్‌లో నిలబెట్టి ఇళ్ల లెక్క చూస్తాం. రిజిస్టరులో ఎన్ని ఇళ్లో ఇందులోనూ అన్నే ఉండాలి. సరిచూశాక పరీక్ష నకలును లాప్‌టాప్ నుంచి తుడిచేస్తాం, గరీబుల పేర్లు డౌన్‌లోడ్ ఫోల్డర్‌లో పడి ఉండకూడదు. తాళం వేసిన నకలు ఒకటి హైదరాబాద్‌లో బాజీ ఇంట్లో ఉంటుంది, చెవి ఇక్కడ ఇద్దరి దగ్గర ఉంటుంది. అంతా కలిపి అర్ధగంట పని.

మీ ఇళ్లల్లో కూడా ఈ పని ఉంది. 2025లో వక్ఫ్ ఆస్తుల కాగజాలు ఉమీద్ పోర్టల్‌లో ఎక్కించాలని ఆరు నెలల గడువు పెట్టినప్పుడు ఎందరు ముతవల్లీలు సందూక్‌ల చుట్టూ తిరిగి ఉంటారో ఆలోచించండి. సియాహనామా, జమీన్ కాగజాలు, పిల్లల సర్టిఫికెట్లు, పోయిన పెద్దల ఫోటోలు, వాట్సాప్‌లో ఉన్న అమ్మీ ఆవాజ్. నకలు ఉంది అని ఊరుకోకండి. ఈ వారంలో ఒక్కసారి దింపి, తెరిచి చూడండి. ఎక్కడుందో, ఎట్లా తెరవాలో ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఇంకొకరికి ఇవ్వండి. మీరు లేని రోజు ఆ కాగితం చదివే మనిషిని మనసులో పెట్టుకొని రాయండి.

రాత్రి టైలర్ భాయ్ దుకాణం ముందు నుంచి వస్తూ ఆగాను. షర్టుకు ఏడు బటన్లు కుట్టి, ఎనిమిదోది లోపలి మడతలో కుడుతున్నాడు. అదెందుకు భాయ్ అన్నాను. "ఒకటి ఊడిపోతే ఆడికెళ్లి తెస్తడు పాపం?" అన్నాడు తల ఎత్తకుండానే. నేను నెలన్నర రాసింది అదేనని చెప్పి, సలాం చేసి ఇంటికొచ్చాను.

చాచా మగ్ఫిరత్ కోసం, 63వ ఇంటి పిల్లల కోసం దువా చేయండి. నా కోసం కూడా.